మూడవ అక్షము

ఆకాశమునకు లోతు గలదని బుద్ధి చెప్పవలసినదే గాని కన్ను చెప్పదు. చంద్రుడును, అతని చెంత మెరయు శుక్రుడును, ఆ యిరువురకు వెనుక 65 కాంతిసంవత్సరముల దూరమున నున్న రోహిణియు ఒకే తలమున నున్నట్లు కనబడుదురు. కావున నెన్నియో శతాబ్దముల పర్యంతము ఖగోళజ్ఞులు చేసిన పని యా తలముపై నక్షత్రముల స్థానములను రెండేసి యంకెలతో గుర్తించుటయే. 1887లో పారిస్ నగరమున సంకల్పింపబడి, ప్రపంచమందలి వేధశాలలు ఆకాశమును పట్టీలుగా పంచుకొని ఫోటోగ్రాఫు పలకలపై చిత్రించిన బృహన్నక్షత్రపటమున మన హైదరాబాదునందలి నిజామియా వేధశాలయు పాలుగొని, తన వంతునకు వచ్చిన దక్షిణాకాశపు పట్టీలోని లక్షలకొలది నక్షత్రములను కొలిచి సంపుటములుగా ప్రకటించినది. ఆ సంపుటములయందు ఒక్కొక్క నక్షత్రమునకు అడ్డుకొలత, నిలువుకొలత, కాంతిపరిమాణము కలవు. అది యెంత దూరమున నున్నదను ప్రశ్నకు మాత్రము వానిలో తావు లేదు.

లోపించిన యా మూడవ యంకెను సంపాదించుటకు ముఖ్యమైన మార్గములు రెండు. మొదటిది లంబనము. భూమి సూర్యుని చుట్టివచ్చునపుడు, ఆరు నెలల యెడముతో చూచిన సమీపనక్షత్రము, దూరనక్షత్రముల నడుమ రవంత జరిగినట్లు కనబడును. ఆ జరుగుబాటును బట్టి దూరమును గణింపవచ్చును. 1838లో జర్మను జ్యోతిర్వేత్త బెస్సెల్ హంసమండలములోని 61వ సంఖ్యగల నక్షత్రమునకు దూరమును నిర్ణయించినది ఈ పద్ధతిచేతనే; 2013 డిసెంబరులో ఐరోపా దేశములు ప్రయోగించిన గయా వ్యోమనౌక దానినే 140 కోట్లకు పైబడిన నక్షత్రములకు వర్తింపజేసినది. రెండవ మార్గము వర్ణపటము. ఇది నేరుగా దూరమును చెప్పదు. వస్తువు మనవైపు వచ్చుచున్నదో మననుండి తొలగుచున్నదో, ఆ వచ్చుటయు తొలగుటయు నెంత వేగముతోనో, అంతమాత్రమే చెప్పును. అయినను నేడు రేడియో దూరదర్శినులు తెచ్చి యిచ్చు త్రిపరిమాణ దత్తాంశమునందు మూడవ కొలత ఈ వేగమే. కంప్యూటరు తెరపై ఆ దత్తాంశమును నిలిపి, త్రిప్పి, కోసి చూపు సాఫ్ట్‌వేర్లన్నియు వేగమును లోతుగా చిత్రించును. చిత్రించిన దానిని కన్ను లోతుగానే నమ్మును. ఈ నమ్మకము కొన్నిచోట్ల చెల్లును, కొన్నిచోట్ల చెల్లదు, ఒకటి రెండుచోట్ల ఆశ్చర్యకరముగా అక్షరాల సత్యమగును. ఉపకరణముల గుణదోషములను విచారించువారు తెర యెంత సుందరముగా నున్నదని కాక, ఈ విషయమున నది చూపరిని ఎంత మెలకువతో నుంచుచున్నదని పరీక్షింపవలెనని నా యభిప్రాయము.

వేగము పటముగా మారు విధము నెరుగవలెనన్నచో ఉదజని పరమాణువు వద్దకు పోవలెను. దానిలోని ప్రోటాను, ఎలక్ట్రానుల భ్రమణములు ఒకే దిశనుండి ఎదురెదురు దిశలకు మారునపుడు 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యము గల, అనగా సెకనునకు 142 కోట్ల స్పందనములు గల, రేడియోకిరణ మొకటి వెలువడును. ఒంటరి పరమాణువున కీ మార్పు సంభవించుటకు సగటున కోటి సంవత్సరములకు పైగా పట్టును. కాని గెలాక్సీలయందు ఉదజని యపారముగా నున్నందున ఈ కిరణము ఎల్లవేళల ప్రసరించుచునే యుండును. 1944లో, జర్మనుల యాక్రమణలో మ్రగ్గుచున్న హాలెండున, వాన్ డె హల్స్ట్ అను యువకుడు దీని నూహించెను. 1951లో హార్వర్డు విశ్వవిద్యాలయమున యూయెన్, పర్సెల్ అను వారు దానిని పట్టిరి. ఉదజని మేఘము సెకనునకు ఒక కిలోమీటరు వేగముతో మననుండి తొలగుచున్నచో ఈ పౌనఃపున్యము సుమారు 4.7 కిలోహెర్ట్‌జులు తగ్గును. గ్రాహకయంత్రము ఇంతటి సూక్ష్మభేదములను వేరుపరుపగలిగినప్పుడు, ఆకాశమునందలి యొకే భాగమునకు ఒక్కొక్క వేగమునకు ఒక్కొక్కటి చొప్పున వందలకొలది పటములు లభించును. పూనాకు ఉత్తరమున నారాయణగావ్ చెంత గోవింద స్వరూప్ నాయకత్వమున నిర్మింపబడి, 45 మీటర్ల వ్యాసము గల 30 పళ్లెములతో పాతిక కిలోమీటర్ల మేర వ్యాపించిన మన మహా రేడియో దూరదర్శినియు, హాలెండునందలి వెస్టర్‌బోర్క్ దూరదర్శినియు, దక్షిణాఫ్రికా యెడారిసీమలో 64 పళ్లెములతో వెలసిన మీర్‌క్యాట్ దూరదర్శినియు రచించునవి యిట్టి పటములనే. వానిని తాళపత్రములవలె వరుసతప్పక పేర్చి కట్టినచో నేర్పడు కట్టనే ఖగోళజ్ఞులు ఘనమందురు. ఆకుల పొడవును వెడల్పును ఆకాశమునవి. కట్ట యొక్క మందము మాత్రము వేగమునది.

ఈ ఘనమును భద్రపరచు ఫైలునకు 1970ల చివర అమెరికా, హాలెండు ఖగోళజ్ఞులు కలిసి యొక రూపమును నిర్ణయించి, 1981లో వెల్స్, గ్రీసెన్, హార్టెన్ అను వారి పేర దానిని ప్రకటించిరి. ఫిట్స్ అని దానికి వ్యవహారము. కంప్యూటర్ల తరములెన్ని మారినను ఆ రూపము మారలేదు. దాని శీర్షికాభాగములో ఒక్కొక్క పంక్తికి సరిగా 80 అక్షరములు. చిల్లులు పొడిచిన అట్టముక్కలతో కంప్యూటర్లను నడపిన కాలపు గుర్తు ఇది. ఆ పంక్తులలో సీటైప్3 అను నొక పంక్తి గలదు. మూడవ అక్షము పౌనఃపున్యమా, వేగమా, తరంగదైర్ఘ్యమా అను నిజమును ఫైలు నోరు విప్పి చెప్పు చోటు అదియే. ఘనమును తెరచిన వెంటనే తళతళలాడు చిత్రమును గాక మొదట ఈ పంక్తిని చదువుట మంచి అలవాటు. చదువనివారే యెక్కువయని చెప్పుటకు విచారమగుచున్నది.

తొలినాళ్లలో ఘనమును చూచుటయనగా ఆకు వెంట ఆకును చూచుటయే. పటములను సమోన్నతరేఖలతో కాగితముపై గీసి, గోడకు వరుసగా అంటించి, ఈ పటమునందలి మచ్చ తరువాతి పటమున ఎటు జరిగినదో కంటితో వెంబడించెడివారు. 1990ల దశకమున ఆస్ట్రేలియా జాతీయ దూరదర్శిని సంస్థలో రిచర్డ్ గూచ్ నిర్మించిన కర్మ అను సాఫ్ట్‌వేరు సముదాయములోని కేవిస్ అను ఉపకరణము ఈ పటములను చలనచిత్రముగా త్రిప్పి చూపెను. కాలము ఇక్కడ కాలము గాదు, వేగము. అయినను కదలికను పసిగట్టుటలో మానవనేత్రమునకు గల నైపుణ్యము మూలమున, నిలుకడ పటమున రణగొణలో కలిసిపోవు మసక మేఘము చలనచిత్రములో చప్పున బయటపడెడిది. ఇట్లు చూచు తీరిక లేనివారు ఘనము నంతటిని ఒక్క పటముగా నణచివేయుదురు: ప్రతి బిందువు వద్ద అన్ని వేగముల కాంతిని కూడినచో వాయురాశి పటము, సగటు వేగమును తీసినచో గమనపటము వచ్చును. ఇవి ఉపయోగకరములే. కాని యొకే చూపురేఖపై రెండు మేఘములు రెండు వేగములతో పోవుచున్నప్పుడు వాని సగటు, ఏ మేఘమునకును చెందని మూడవ వేగమగును. ఘనమును ఘనముగా చూడవలయునను కోరిక ఈ యసంతృప్తినుండియే పుట్టినది.

ఆ కోరికను తీర్చిన విద్య ఖగోళశాస్త్రమున పుట్టలేదు, వైద్యమునుండి వచ్చినది. సి.టి. స్కాను యంత్రము శరీరమును పొరలుపొరలుగా చిత్రించునపుడు వైద్యుని ముందును ఇట్టి కట్టయే యుండును. 1987లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధకులు లోరెన్సెన్, క్లైన్ అనువారు, ఘనములో నొకే విలువగల బిందువులను కలుపుచు త్రికోణములతో ఉపరితలమును అల్లు పద్ధతిని కనిపెట్టిరి. ఎముకయొక్క విలువ నిచ్చిన ఎముకయు, చర్మము విలువ నిచ్చిన చర్మమును తెరపై నిలుచును. మరుసటి యేట మార్క్ లెవోయ్ ఉపరితలములను అల్లు ప్రయాసనే విడిచి, చూపరి కన్నునుండి ఘనములోనికి కిరణములను పంపి, దారిలో తగులు ప్రతి యణుఘనమునకు కొంత రంగును కొంత పారదర్శకతను ఇచ్చి, వాని నన్నిటిని వరుసగా సమకూర్చి తెరమీది బిందువునకు వర్ణము నిర్ణయించు పద్ధతిని ప్రకటించెను. నేటి ఖగోళచిత్రణ సాఫ్ట్‌వేర్లలో ఘనమును పొగవలె పలుచగా చూపునవన్నియు దాదాపుగా ఈ రెండవ పద్ధతి సంతతియే.

ఈ బంధుత్వమును స్పష్టముగా గుర్తించి దానిని వినియోగింపదలచిన వారు హార్వర్డునందలి ఎలిస్సా గుడ్‌మన్ బృందము. బోస్టనులోని బ్రిగమ్ ఆస్పత్రిలో మెదడు చిత్రముల కొరకు 1990ల చివర ఆరంభింపబడి, ఎల్లరకు ఉచితముగా లభించు త్రీడీ స్లైసర్ అను వైద్యసాఫ్ట్‌వేరులో వారు పర్సియస్ మండలమందలి మేఘముల ఘనమును ప్రవేశపెట్టిరి. వేయి కాంతిసంవత్సరములకు కొంచెము లోపల నున్న ఈ మేఘములు చల్లని యణువులతో నిండి, క్రొత్త నక్షత్రములకు జన్మస్థానములైనవి. పుట్టుచున్న నక్షత్రము తన ధ్రువములనుండి చిమ్ము ధారలు మేఘపు సామాన్యవేగమునకు మిక్కిలి భిన్నమైన వేగముతో పోవును గనుక, ఘనమును త్రిప్పి చూచినప్పుడు అవి మేఘమునుండి పొడుచుకొని వచ్చిన ముండ్లుగా తోచును. పటములపై దశాబ్దములుగా వెదకినవారికి చిక్కని యిట్టి ఉద్గారముల జాడలు ఈ విధముగా పర్సియస్‌లో 60 వరకు బయల్పడినవి. ఆ మండలములోనే యున్న ఎల్1448 అను మేఘమును గూర్చిన వారి వ్యాసము 2009 జనవరిలో నేచర్ పత్రికలో వెలువడినప్పుడు, పాఠకుడు తన కంప్యూటరులో బొమ్మను మౌసుతో పట్టి త్రిప్పుకొనగల త్రిపరిమాణ పి.డి.ఎఫ్. చిత్రము దానితోపాటు ప్రకటింపబడినది. ఆ పత్రికలో అదియే మొదటిది. మెల్బోర్నునందలి స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయమున బార్న్స్, ఫ్లూక్ అనువారు అంతకుముందే ఈ మార్గమును చూపియుండిరి.

వైద్యము నుండి తెచ్చుకొన్న ఈ విద్యకు రెండు లోపములు ఖగోళమున బయటపడినవి. మొదటిది చిన్నది. శరీరమునందు ఎముకకు మాంసమునకు నడుమ తెంపుగా హద్దు కలదు. నక్షత్రాంతర వాయువునకు చర్మము లేదు. ఏ విలువ వద్ద ఉపరితలమును అల్లుమని చెప్పుదుమో ఆ విలువ వద్ద సాఫ్ట్‌వేరు నున్నని, మెరుగుపెట్టిన, నీడలతో కూడిన ముద్దనొకదానిని చేసి యిచ్చును. విలువను కొంచెము తగ్గించినచో ముద్ద ఉబ్బి ప్రక్కముద్దతో కలియును, మరికొంత తగ్గించినచో గ్రాహకయంత్రపు రణగొణధ్వని యంతయు వేలకొలది తునకలై తెరను కప్పివేయును. గెలాక్సీ వెలుపలి యంచుననుండు వాయువు ఈ ధ్వనితో ఇంచుమించు సమానమగు బలహీనత గలది, ఆసక్తికరమైనదియు అదియే. కనుక ఏ విలువకు ఎంత పారదర్శకత నీయవలెనో అమర్చు చిన్న వక్రరేఖను తెరపై జరుపుటలోనే పరిశోధకుని నేర్పంతయు నున్నది. ఇద్దరు నిపుణులు ఒకే ఘనమునుండి రెండు వేరు చిత్రములను తీయుట కద్దు.

రెండవ లోపము మౌలికమైనది. శరీరపు ఘనములో మూడు వైపులను మిల్లీమీటర్లే. ఏ వైపునకు త్రిప్పినను తల తలయే, భుజము భుజమే. ఖగోళఘనములో రెండు వైపుల కొలత కోణము, మూడవ వైపు కొలత సెకనునకు కిలోమీటర్లు. ఎన్ని కిలోమీటర్ల వేగము ఎన్ని కోణకలలకు సమానము? ఈ ప్రశ్నకు ప్రకృతిలో సమాధానము లేదు. సాఫ్ట్‌వేరు మాత్రము ఏదో యొక నిష్పత్తిని తానే నిర్ణయించుకొని చిత్రించును. మీట నొక దానిని జరిపినచో అదే గెలాక్సీ కొలబద్ద యంత పొడుగగును, మరొకవైపు జరిపినచో బిళ్లయంత పలుచనగును. అందుచేత, ఘనమునందలి వస్తువున కొక స్వరూపము గలదనుటయే పొరపాటు. ఒకే చూపురేఖపై స్థలమునందు వేరుగా నున్న రెండు మేఘములు ఒకే వేగముతో పోవుచున్నచో ఘనములో నవి యొకటిగా కలిసిపోవును. కలిసియున్న యొకే మేఘము రెండుగా చీలి ఎదురెదురు దిశలకు పోవుచున్నచో ఘనములో నవి దూరదూరముగా నిలుచును.

అట్లని ఘనపు రూపము అర్థరహితమని తలపరాదు. దానిని స్థలరూపముగా గాక గతిరూపముగా చదువవలెను. ఏటవాలుగా కనబడు పళ్లెము వంటి గెలాక్సీ గిరగిర తిరుగుచున్నదనుకొందము. ఒక ప్రక్కనున్న వాయువు మనవైపు వచ్చును, రెండవ ప్రక్కనున్నది తొలగును; కావున ఘనములో ఒక కొసనుండి మరొక కొసకు పోవుచు ఆ ప్రక్కనుండి ఈ ప్రక్కకు జరుగు మెలిపడిన పలక యొకటి కనబడును. గెలాక్సీ యంతయు ఘనవస్తువువలె ఏకముగా తిరిగినచో ఆ పలక చక్కగా వాలి యుండును. గ్రహములు సూర్యుని చుట్టు తిరుగునట్లు, దూరము హెచ్చినకొలది వేగము తగ్గినచో, పలక కొసలు మధ్యవైపునకు మరల వంగవలెను. వెస్టర్‌బోర్క్ దూరదర్శినితో పాతిక గెలాక్సీల ఘనములను పరిశీలించి ఆల్బర్ట్ బోస్మా 1978లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన పరిశోధనగ్రంథమున తేలినదేమన, ఆ కొసలు వంగుటలేదు. నక్షత్రకాంతి యంతరించిన తరువాతను, చాల దూరమువరకు, సమతలముగా సాగిపోవుచున్నవి. వెలుగు లేని చోట అంత వేగమును నిలుపునంతటి ద్రవ్యమేదో యున్నదను నిశ్చయమునకు, వేరా రూబిన్ సాగించిన కాంతివర్ణపట పరిశోధనలతో పాటు, ఈ రేడియోఘనములును మూలములైనవి. ఇక్కడ మూడవ అక్షమును లోతుగా భ్రమించినవానికి కనబడునది వంకరబిళ్ల. వేగముగా చదివినవానికి కనబడినది కృష్ణద్రవ్యము.

వేగమును దూరముగానే పరిగణింపవచ్చునని శాస్త్రమే సమ్మతించు చోటు కూడ గలదు. విశ్వము వ్యాకోచించుచున్నందున దూరపు గెలాక్సీలు దూరమునకు తగిన వేగముతో తొలగుచున్నవి. ఆ వేగమును హబుల్ స్థిరాంకముతో భాగించినచో దూరము వచ్చును. 1986లో లాపరాంట్, గెల్లర్, హుక్రా అనువారు ఈ విధముగా 1,100 గెలాక్సీలను ఆకాశపు సన్నని చీలికయొకదానిలో నిలిపి పటము గీసినప్పుడు, దాని నడుమ చేతులు చాచిన మనుష్యుని యాకృతి వంటిది కనబడి లోకమున ప్రసిద్ధికెక్కినది. ఆ మనుష్యుని మొండెము కోమా గెలాక్సీ సమూహము. కాని ఆ మొండెము మనవైపునకే నిట్టనిలువుగా సాగియుండుటకు కారణము వేరు. సమూహములోని గెలాక్సీలు పరస్పరాకర్షణచేత సెకనునకు వేయి కిలోమీటర్ల వేగముతో ఇటునటు పరుగులిడును. ఆ వేగమును దూరముగా మార్చినచో ఒక్కొక్కటి తన నిజస్థానమునుండి నాలుగున్నర కోట్ల కాంతిసంవత్సరములు ముందునకో వెనుకకో జరిగినట్లు లెక్క వచ్చును. సమూహపు నిజవ్యాసము రెండు కోట్ల కాంతిసంవత్సరముల ప్రాంతము మాత్రమే. ఫలితముగా విశ్వపటములోని ప్రతి గెలాక్సీసమూహమును మన భూమివైపు చూపబడిన వ్రేలుగా కనబడును. వీనికి దేవుని వ్రేళ్లని పేరు. కోపర్నికస్ మనలను విశ్వమధ్యమునుండి తొలగించి నాలుగువందల సంవత్సరములైన పిదప, కంప్యూటరు పటము మరల మనలనే వ్రేలెత్తి చూపుట వినోదము గాదా! త్రిపరిమాణపటములో ఏ యాకృతియైనను సరిగా చూపరివైపే సాగియున్నచో దానిని ముందుగా శంకింపవలెనను సూత్రము ఇందుండి వచ్చినది. గయా దూరములతో గీసిన ధూళిపటములలోను, దూరనిర్ణయమునందలి దోషములచేత, సూర్యునివైపు సాగిన ఇట్టి చారలు కనబడును.

పూర్వము చెప్పిన అక్షరసత్యపు సందర్భము కసియోపియా మండలములోని విస్ఫోటనావశేషము. సుమారు 11,000 కాంతిసంవత్సరముల దూరమున నొక మహానక్షత్రము ప్రేలిపోగా, ఆ ప్రేలుడు వెలుగు భూమిని చేరి ఇప్పటికి ఇంచుమించు 340 సంవత్సరములైనది. అందలి శకలములు శూన్యప్రాయమైన ప్రదేశమున పెద్దగా అడ్డంకి లేక పోవుచున్నవి కావున, ఎక్కువ వేగము గలది ఎక్కువ దూరము పోయి యుండవలెను. వేగమును గడచిన కాలముతో గుణించినచో అదియే లోతు. సెకనునకు 5,000 కిలోమీటర్లనగా కాంతివేగములో అరువదవ వంతు. 340 సంవత్సరములను అరువదితో భాగించినచో ఐదున్నరకు మించిన కాంతిసంవత్సరములు వచ్చును. ఆకాశమున కనబడు అవశేషపు వ్యాసార్ధమును ఇంచుమించు అంతయే. కోణమును వేగమును ఏ నిష్పత్తిలో కలుపవలెనను ప్రశ్నకు ఇక్కడ ప్రకృతియే సమాధానము నిచ్చినది. ట్రేసీ డిలేనీ మొదలగువారు చంద్ర, స్పిట్జర్ వ్యోమదూరదర్శినుల కొలతలతో 2010లో ఈ యవశేషమునకు త్రిపరిమాణరూపమును కూర్చినప్పుడు వాడినది కూడ పైన చెప్పిన వైద్యసాఫ్ట్‌వేరే. ప్రేలుడు గుండ్రముగా గాక, చదునుగా నొత్తిన పళ్లెముగను, ఇరుప్రక్కల చిమ్మిన ధారలుగను జరిగినదని అందువలన తెలిసినది. ప్రేలిన నక్షత్రము యొక్క యీ రూపమును త్రిపరిమాణముద్రణయంత్రముతో అచ్చువేసి చేత పట్టుకొని చూచుట నేడు సాధ్యము. ఉదజని ఘనమును అచ్చువేసినచో చేతికి వచ్చునది ఏ వస్తువు కాదు.

నిజముగా స్థలమే మూడు వైపులను గల దత్తాంశమునకు మరియొక కథ గలదు. సూర్యుని పరిసరములందలి యువనక్షత్రములు పాలపుంతకు ఇరువది డిగ్రీల వాలున నొక పట్టీగా నున్నవని 1879లో బెంజమిన్ గూల్డ్ వర్ణించినది మొదలు, అది మనలను చుట్టిన వలయమని శతాబ్దమునకు పైగా శాస్త్రజ్ఞులు విశ్వసించిరి. గయా కొలతలను ఆధారము చేసికొని సమీపమేఘములకు సరియైన దూరములు లభించిన తరువాత, వియన్నాకు చెందిన జొవావ్ ఆల్వెస్, గుడ్‌మన్ మొదలగువారు వానిని గ్లూ అను సాఫ్ట్‌వేరులో నిలిపి త్రిప్పి చూడగా, పైనుండి చూచిన సరళరేఖగను, ప్రక్కనుండి చూచిన అలగను కనబడు మేఘమాలిక యొకటి బయల్పడినది. పొడవు 9,000 కాంతిసంవత్సరములు. శిఖరములును లోయలును పాలపుంత మధ్యతలమునకు 500 కాంతిసంవత్సరముల మేర పైకిని క్రిందికిని. 2020 జనవరిలో ప్రకటింపబడిన దీనికి రాడ్‌క్లిఫ్ తరంగమని పేరు. వలయమనుకొన్నదానిలో నొక భాగము ఈ యలలోని తునకయే. గ్లూ యొక్క విశేషమేమన, ఒక కిటికీలో మేఘములను త్రిపరిమాణముగను, మరొకదానిలో వాని వేగములను, వేరొకదానిలో ఆకాశపటమును నిలిపి, ఒక కిటికీలో కొన్నిటిని చుట్టుగీచినచో మిగిలిన కిటికీలన్నిటిలో నవే వెలుగును. స్టాన్‌ఫర్డులో 1970లలో జాన్ టూకీ మొదలగువారు సంఖ్యాశాస్త్రము కొరకు చేసిన ప్రయోగములనుండి పెరిగిన భావన ఇది. ఘనమును గిరగిర త్రిప్పు హంగులకంటె ఇదియే మిన్నయని నాకు తోచును. ఏలయన ఒకే సమాచారమును రెండు రీతుల చూచువాడు ఏ యొక్క దానికిని సులభముగా లొంగడు.

ఘనముల పరిమాణము నేటి ఉపకరణములకు పెద్ద పరీక్షయైనది. వైపునకు 4,000 చొప్పున మూడు వైపులున్న ఘనములో 6,400 కోట్ల అణుఘనములుండును. ఒక్కొక్కదానికి నాలుగు బైట్ల చొప్పున 256 గిగాబైట్లు. సామాన్య కంప్యూటరు జ్ఞాపకశక్తికి ఇది మించిన భారము. చిత్రమేమన, తెరమీద గల బిందువులు ఇరువది లక్షలే. తైవాను, దక్షిణాఫ్రికా, అమెరికా, కెనడా సంస్థలు కలిసి నిర్మించిన కార్టా అను సాఫ్ట్‌వేరు ఈ వ్యత్యాసమునే ఆసరాగా కొన్నది: ఘనము దూరముననున్న పెద్ద కంప్యూటరులోనే యుండును, చూపరి యప్పటికప్పుడు కోరిన భాగము మాత్రము తెరకు తగినంత సాంద్రతతో బ్రౌజరునకు వచ్చును. ఘనములోనికే ప్రవేశించి నడచునట్లు చేయు కండ్లకు తొడుగు పరికరములకై కేప్‌టౌను, కటానియా పరిశోధకులు ఐడావీ అను ఉపకరణమును కూర్చిరి. దానిలో చేయి చాచి మేఘమును చుట్టి గుర్తింపవచ్చును. కన్నుగల పరిశోధకునికి ఇది యుత్సాహకరమే. కాని మూడవ అక్షము వేగమైనచో, తాను నడచుచున్నది వేగములోనని జ్ఞప్తియందుంచుకొనుట తెరముందు కూర్చున్నవానికంటె లోపల నిలుచున్నవానికే కష్టము.

ఈ చిక్కునకు గ్రోనింగెనులో డేవిడె పుంజో నిర్మించిన స్లైసర్‌ఆస్ట్రో చూపిన ఉపాయము నాకు నచ్చినది. అందులో ప్రత్యక్షఘనముతో పాటు ఊహాఘనమును నిలుపుదురు. గెలాక్సీని ఒకదానిలో నొకటి యిమిడిన వలయములుగా భావించి, ప్రతి వలయమునకు వాలు, భ్రమణవేగము, వాయురాశి నిర్ణయించి, అట్టి గెలాక్సీ నిజముగా స్థలమున నున్నచో దూరదర్శినికి ఏ ఘనము లభించునో సాఫ్ట్‌వేరు గణించును. తరువాత రెండు ఘనములను ఒకదానిపై నొకటి పెట్టి, సరిపడని చోట్లను చూపును. ఇట్టి పోలికవలననే, ఈ సాఫ్ట్‌వేరునకు ముందుగనే, కోటి కాంతిసంవత్సరముల దూరముననున్న ఎన్.జి.సి. 2403 అను గెలాక్సీలో ఫిలిప్పో ఫ్రటెర్నాలీ, సాన్సిసి మొదలగువారు 2001 ప్రాంతమున నొక విశేషమును గుర్తించిరి. ఊహాఘనములోని సన్నని పలకకు ఆవల, తక్కువ వేగములవైపు, మసకగా వ్రేలాడు వాయువును వారు గడ్డమని పిలిచిరి. అది గెలాక్సీనుండి స్థలమున వ్రేలాడుట లేదు. పళ్లెమునందలి వాయువుకంటె సెకనునకు 25 మొదలు 50 కిలోమీటర్లు మెల్లగా తిరుగుచున్నది. అట్లు మెల్లగా తిరుగుటకు అది పళ్లెమునకు పైనను క్రిందను ఎత్తున నుండవలెనని వారు ఊహించిరి. మరణించు నక్షత్రముల ప్రేలుడులు ఎగజిమ్మిన వాయువు చల్లబడి తిరిగి పళ్లెముపై పడుచుండుట దానికి కారణము కావచ్చును. మొత్తము ఉదజనిలో పదియవ వంతు ఆ గడ్డములో నున్నది.